తాళం పక్కన మేకు

లావాల్ చొకెట్ నా పొరుగువాడు. మా రెండిళ్ళకీ మధ్య ఒక గడ్డి మడి, ఒక రాతి గోడ ఉన్నాయి. యాభై ఏళ్ళుగా చూస్తున్నాను, అతని నడుముకి రివాల్వర్ లేని రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. వాళ్ళ నాన్న తుపాకీ అది. పిచ్చెక్కిన నక్కలు కోళ్ళ మీద పడతాయని పెట్టుకుంటానంటాడు. అతనికి కోళ్ళు లేక పదకొండేళ్ళయింది.

ఇంటికొచ్చాక బెల్టుతో సహా విప్పి వంటింటి తలుపు పక్కన మేకుకి తగిలిస్తాడు. ఆ మేకుకే కోటు, లాంతరు, సాల తాళంచెవి.

అతని కూతురు నొయెల్ వంతెన అవతల ఉంటుంది, ఆస్పత్రిలో నర్సు. ఆమె కూతురు ఒడీల్‌కి ఏడేళ్ళు. ఏటా మార్చిలో మేపుల్ చెట్లకి రసం దిగే రోజుల్లో, బడి వదలగానే ఆ పిల్ల తాత దగ్గరికి వచ్చేసేది. ఆ రసాన్ని పాకం కాచే పాకలో పెనం పక్కన ఎత్తుపీట ఎక్కి కూచునేది. నురుగు పైకి లేవగానే చెప్పడం దాని పని.

ఈ ఏడు నొయెల్ పంపలేదు.

"తుపాకీకి తాళం పడేదాకా ఒడీల్ ఈ ఇంటికి రాదు నాన్నా," అంది. గోడ రాళ్ళు సర్దుతూ నేనూ విన్నాను.

"రాజధానిలో ఎవడో చట్టం రాస్తే, నా కూతురు వచ్చి నాకు చదివి వినిపిస్తోంది," అన్నాడు లావాల్.

చట్టం వచ్చిన మాట నిజమే. ఆ చలికాలంలోనే చేశారు. పిల్లలు వచ్చిపోయే ఇంట్లో తుపాకీ తాళంలో ఉండాలి. ఊరి భవనాల్లోకి తుపాకీతో రాకూడదు. ఈ రెండే ముక్కలు.

"చట్టం రాకముందు నుంచీ చెబుతున్నా. నువ్వే వినలేదు," అని వెళ్ళిపోయింది నొయెల్.

తర్వాత ఒకసారి కట్టెలివ్వడానికి వాళ్ళ పాకకి వెళ్ళాను. ఆవిరిలో లావాల్ ఒక్కడే తిరుగుతున్నాడు. గంటెలూ బకెట్లూ నేలమీద పెట్టుకున్నాడు గాని ఎత్తుపీట మీద ఏమీ పెట్టలేదు. ఆ వారం రెండుసార్లు పాకం మాడింది. వాసన నా పెరట్లోకి వచ్చింది.

నేను వడ్రంగిని. టౌన్ హాలు బాగోగులు కూడా నావే. పొయ్యిలో కట్టెలు, మెట్ల మీద మంచు, కప్పు మీద కారే చోట్లు అన్నీ నేనే చూసుకుంటాను. ఊరి గుమాస్తా హెస్టర్ ఒకరోజు నా చేతిలో ఒక కాగితం పెట్టింది. తుపాకులతో లోపలికి రావద్దని అందులో ఉంది.

"తలుపుకి కొట్టు ఓరిన్. వచ్చే మంగళవారం ఊరి సభ. బెల్టులతో వచ్చేవాళ్ళని ఏం చేద్దాం?"

"ట్రక్కులో పెట్టుకుంటారు."

"మన ఊళ్ళో ట్రక్కుకి తాళం వేసినవాణ్ణి ఒక్కణ్ణి చూపించు."

చూపించలేకపోయాను. మాకు ట్రక్కు తాళంచెవి ట్రక్కులోనే ఉంటుంది. బురద రోజుల్లో దారికి అడ్డం పడితే ఎవరో ఒకరు పక్కకి తియ్యాలి కదా. ఇళ్ళ తాళంచెవులు ఎక్కడున్నాయో ఇంటివాళ్ళకే తెలీదు. చర్చికీ, రోడ్ల మంచు మీద చల్లే ఇసుక కొట్టానికీ తాళాలున్నాయి. వాటి పక్కనే మేకు, మేకుకి తాళంచెవి. ఆ తాళం గాలికీ ఎలుగుబంటికీ. మనుషుల కోసం మా ఊళ్ళో ఎవరూ తాళం వెయ్యలేదు.

హాలు వెనక పాత గుర్రాల సాల ఉంది. ఒకప్పుడు సభకి వచ్చినవాళ్ళు అక్కడ గుర్రాలు కట్టేవారు. దాని ఓక్ పలకలు కొన్ని ఊడదీసి, అక్కడే గోడకి దిట్టమైన అలమర చేశాను. కొత్త తాళం కొనుక్కొచ్చాను.

సభ రోజు పొద్దున మంచు కరిగి బురద బూట్లని పట్టి లాగుతోంది. బెల్టులతో వచ్చినవాళ్ళు అయిదుగురు. నలుగురు ఏదో గొణుక్కుంటూ అలమరలో పెట్టేశారు. లావాల్ మాత్రం మెట్ల మీద నిలబడి కాగితం చదువుతున్నాడు. ఎంతకీ చదువు పూర్తి కావడం లేదు.

"ఇది నువ్వు కొట్టిందేనా?"

"నేనే."

"వంకరగా ఉందిరా. ముప్పై ఏళ్ళ వడ్రంగం."

"వచ్చి అలమర చూడు. అది తిన్నగానే ఉంది."

సణుక్కుంటూనే వచ్చాడు. అలమర తలుపు మీద చెయ్యి వేశాడు. పలక అంచున ఒకచోట అర్ధచంద్రాకారంలో గంట్లు ఉన్నాయి. వాటి మీద అతని బొటనవేలు ఆగింది.

"ఇది మా నాన్న గుర్రం కొరికింది."

"అవును."

"చిత్రిక పట్టి తీసెయ్యలేదేం?"

"తియ్యాలనిపించలేదు."

ఆ గంట్లని ఒకసారి తడిమాడు. తర్వాత బెల్టు విప్పి, చుట్ట చుట్టి లోపల పెట్టాడు. "ఆ గుర్రాన్ని కాపలా పెట్టావు గనక సరే. అది మా నాన్ననే కరిచింది," అన్నాడు.

నేను తాళం వేసి లాగి చూశాను. గట్టిగా ఉంది. ఇద్దరం హాల్లోకి వెళ్ళాం.

ఇసుక చల్లే బండి గురించే సభ గంటన్నర నడిచింది. కొత్తది కొనాలా, పాతదానికే ఇంకో ఏడు అతుకులు వెయ్యాలా అని. వంటగది కిటికీలోంచి చిక్కుడు గింజల వాసన వస్తోంది. నొయెల్ అక్కడ పళ్ళాలు సర్దుతోంది. పిల్లలు బయట ఆడుకుంటున్నారు.

వెనక తలుపు తెరుచుకుని చల్లగాలి కొట్టింది. ఒడీల్ బురద బూట్లతో కుర్చీల మధ్య నుంచి నడుచుకుంటూ తిన్నగా తాత దగ్గరికి వచ్చి చెయ్యి చాపింది.

"తాతా, ఇది తుపాకుల అలమర తాళంచెవి. పక్కన మేకుకే ఉంది. పెట్టి చూశాను, తెరుచుకుంది."

ఇసుక బండి గురించి మాట్లాడుతున్నవాడు మాట ఆపేశాడు.

"లోపల ఏమన్నా ముట్టుకున్నావా?" అని లావాల్ చాలా మెల్లగా అడిగాడు.

"లేదు. మళ్ళీ తాళం వేసేశా. చిన్నపిల్లలు అక్కడే ఆడుతున్నారని చెవి ఇలా తెచ్చా."

 తాళం వేసిన సంగతి నాకు గుర్తుంది. చెవి తగిలించిన సంగతి గుర్తు లేదు. నేను తాళం లాగి చూస్తున్నప్పుడు రెండో చెయ్యి దాని పని అది చేసేసింది. అక్కడ మేకు కొట్టిందీ నేనే. అలమర చేస్తూ, ఎందుకని అనుకోకుండా కొట్టేశాను.

నొయెల్ చేతిలో గరిటెతోనే బయటికొచ్చింది. కూతుర్ని దగ్గరికి లాక్కుని తండ్రి వైపు తిరిగింది.

"తాళం వేసి, ఇంట్లోలాగే పక్కనే చెవి తగిలించావా నాన్నా? ఎవరికోసం?"

లావాల్ నోరు తెరిచాడు. నా వైపు చూశాడు. నోరు మూసుకుని తల వంచుకున్నాడు. ఆ మాట తన మీదే పడనిచ్చాడు.

నేను లేచాను.

ముప్పై ఒక్క సభలకి వెళ్ళాను. ఒక్కదాంట్లోనూ నోరు విప్పలేదు.

"ఓరిన్," అన్నాడు సభ నడిపే పెద్దమనిషి, "లేచింది పొయ్యిలో కట్టె వెయ్యడానికేనా?"

కొందరు నవ్వారు.

"మాట్లాడ్డానికి."

నవ్వు ఆగిపోయింది.

"తాళం వేసింది నేను. మేకు కొట్టిందీ, చెవి తగిలించిందీ నేనే. లావాల్‌కి ఏ సంబంధం లేదు. నా చెయ్యి అలవాటు కొద్దీ చేసింది. కానీ ఒక మాట. ఈ హాల్లో ఉన్నవాళ్ళలో ఎవరింట్లో ఏ చెవి ఏ మేకుకి ఉందో నాకు తెలుసు. నాకు తెలిసిందంటే మీ పిల్లలకీ తెలుసు. అంతే."

కూచున్నాను. 

లావాల్ మనవరాలి ముందుకి వంగాడు. "చెవి మేకుకి ఉంటుందని నీకెలా తెలుసమ్మా?"

"నువ్వే చెప్పావుగా తాతా. ఏది కనపడకపోయినా ముందు మేకు చూడమని."

అతను ఆ పిల్ల చేతిలోంచి తాళంచెవి తీసుకున్నాడు. లేచాక నొయెల్ వైపు చూశాడు.

"ఇన్నాళ్ళూ నువ్వు చట్టం గురించి మాట్లాడుతున్నావనుకున్నాను."

"కాదు."

"ఊఁ," అన్నాడు. అంతకంటే పెద్ద క్షమాపణ ఆ నోటి నుంచి నేనెప్పుడూ వినలేదు.

సభ పుస్తకం ముందు కలం పట్టుకుని కూచున్న హెస్టర్ గొంతు సవరించుకుంది. "ఇదంతా ఏ అంశం కింద రాయమంటారు?"

"ఇసుక బండి కింద రాయి," అని వెనక నుంచి ఎవరో అన్నారు. ఈసారి అందరూ నవ్వారు, నొయెల్ తప్ప. ఆమె కూడా గరిటె దించింది. నేను అప్పుడే బయటికి వెళ్ళి ఆ మేకు పీకేసి వచ్చాను.

శనివారం పొద్దున్నే లావాల్ రాతి గోడ దగ్గరికి వచ్చాడు.

"గుర్రం కొరికిన పలక ఇంకా మిగిలిందా?"

"ఒకటుంది."

"ఇంట్లోకి చిన్న అలమర కావాలి. ఒక్కదానికి సరిపోతే చాలు. మేకులు నువ్వు తేవద్దు. ఉన్నవి నేను పీకేస్తున్నా."

రెండు రోజుల్లో చేసిచ్చాను. తాళంచెవిని బూటు తాడుకి కట్టి మెడలో వేసుకున్నాడు. ఒకటే ఉందా అని అడిగాను. రెండోది నొయెల్‌కి ఇచ్చేశానన్నాడు.

మర్నాడు బడి వదిలాక నొయెల్ కూతుర్ని తీసుకొచ్చింది. అప్పుడు నేను అలమర తలుపు బిగువు సరిచేస్తున్నాను. ఆమె వంటింటి తలుపు పక్కన గోడ చూసింది. మేకు ఉన్నచోట చిన్న బెజ్జం. దాని మీద వేలు పెట్టింది. 

"మరి కోటెక్కడ తగిలించాలి నాన్నా?"

"కుర్చీ ఉందిగా."

పిల్ల కోటు కుర్చీ మీద వేసింది. వెళ్ళేటప్పుడు, "ఆరింటికి వస్తా. దానికి ఎక్కువ పాకం పెట్టొద్దు," అంది.

నేను పనిముట్లు సర్దుకుని పాక మీదుగా ఇంటికి బయల్దేరాను. తలుపు తీసే ఉంది. ఆవిరిలో ఎత్తుపీట మీద రెండు బూట్లు ఊగుతున్నాయి.

"తాతా, లేస్తోంది."

లావాల్ వెన్న ముక్క పెనంలో వేశాడు. నురుగు అణిగింది. వంగినప్పుడు మెడలోని చెవి బయటికి జారితే, మళ్ళీ చొక్కా లోపలికి తోసుకున్నాడు.

ఆ వారం మాడు వాసన నా పెరట్లోకి రాలేదు.