నీళ్ళు పోయే దారి

బాల్కనీ తుడవడానికి వంగినప్పుడు ఆమెకి ఆ వాసన తగిలింది. మురిగిన నీటి వాసన, గులాబీ కుండీలోంచి.

పోయే ముందు అమ్మ తన చేత్తో నాటి ఇచ్చిన కొమ్మ అది. పుట్టింటి నుంచి ఆమెకి మిగిలిందల్లా అదే. కొన్నాళ్ళుగా ఆకులు పసుపెక్కి వాలిపోతున్నాయి. "నీళ్ళు చాలట్లేదమ్మా. పొద్దస్తమానం ఆఫీసు పట్టుకుని వేలాడితే మొక్కలేం బతుకుతాయి?" అంది అత్తగారు. ఆ మాట గుచ్చుకుని, ఆమె సాయంత్రం చెప్పులైనా విప్పకుండా వచ్చి చెంబుతో నీళ్ళు పోసేది. మొక్క ఇంకా వాడేది. ఆమె ఇంకా పోసేది. వాడిన మొక్కని చూస్తే ఎవరికైనా దాహమేమోనన్న అనుమానం వస్తుంది. ఆమె ముఖం చూసి ఆపాటి అనుమానం కూడా ఎవరికీ రాలేదు.

కుండీని పక్కకి వాల్చి మట్టిగడ్డను మెల్లగా లాగింది. అంతా బురద. వేళ్ళు గోధుమరంగుకి తిరిగి, ముట్టుకుంటే పైపొర జారి చేతికొచ్చేస్తోంది. ఇంత నీరెందుకు నిలిచిందా అని కుండీని బోర్లించింది. అడుగు కన్నాలు తెల్ల సిమెంటుతో నున్నగా పూడ్చి ఉన్నాయి.

"ఏమండీ, వీటిని మీరు పూడ్చారా?"

"ఆ, బాత్రూమ్‌కి తెచ్చింది మిగిలితేనూ." భర్త ఫోనులోంచి తలెత్తలేదు. "టైల్స్ మీద మరకలు తుడవలేక ఛస్తున్నానని గొణుగుతావుగా! నీ పని తప్పించాను. థాంక్స్ అయినా చెప్పవేం?"

"వేళ్ళు కుళ్ళిపోయాయండీ. అది అమ్మ..."

"మొక్కేగా! ఇంకోటి తెచ్చుకో. ముందా బురద కడుగు."

అతను చెడ్డవాడు కాదు. అందుకే ఆమెకి ఏడుపొచ్చింది. సంగీతం క్లాసు మాన్పించినప్పుడు "అలిసిపోతావే" అన్నాడు. ప్రమోషన్ వద్దని చెప్పించినప్పుడు "నీకెందుకా తలనొప్పి" అన్నాడు. ప్రతిసారీ ఆమె పనే తప్పించాడు.

కత్తెరని స్పిరిటుతో తుడిచి, మెత్తబడిన వేళ్ళన్నీ కత్తిరించింది. మధ్యలో ఒక్కటి మిగిలింది, తెల్లగా, గట్టిగా. అంత చిన్న వేరు మోయలేదని కొమ్మలూ సగానికి తగ్గించింది. కన్నాలున్న చిన్న కుండీలో ఇసుక కలిపిన కొత్త మట్టి పోసి నాటింది. బతుకుతుందో లేదో. ఇకమీదట వేలు గుచ్చి చూసి, లోపలి మట్టి ఆరితేనే నీళ్ళు.

ఇప్పటికి కొంచెం పోసింది. అడుగు నుంచి సన్నగా ధారకట్టి, మట్టినీళ్ళు టైల్స్ మీదికి పాకాయి.

"ఇదిగో, మళ్ళీ మరక! తుడు."

ఆమె తడిగుడ్డ పిండి, మరక తుడవకుండానే తీసుకెళ్ళి అతని కుర్చీ చేతి మీద పెట్టింది. తిరిగొచ్చి మొక్క పక్కన కూర్చుంది.