గీత చెడిపోతుందట

ప్రసవాల గదిలోకి వెళ్ళగానే సిస్టరు నన్ను వెల్లకిలా పడుకోబెట్టింది. పొట్ట మీద చల్లటి జెల్లీ పూసి, రెండు గుండ్రటి బిళ్ళలు పెట్టి, వాటి మీదుగా బెల్టులు బిగించింది. ఒకటి నొప్పుల్ని కొలుస్తుందట, రెండోది బిడ్డ గుండెని. మంచం పక్కనున్న మానిటరు మీద నూట నలభై అని వెలిగింది. దాని నోట్లోంచి గీత గీసుకుంటూ కాగితం వస్తోంది. టకటకా టకటకా చప్పుడు. తొలి కాన్పు కదా, అది వింటే నాకు ప్రాణం లేచొచ్చింది.

"ఇక కదలకు. బిళ్ళ జారిందంటే గీత చెడిపోతుంది," అంది సిస్టరు.

వెల్లకిలా పడుకుంటే నాకు పడదు. ఆరో నెల దాటిన దగ్గర్నుంచీ కళ్ళు తిరుగుతాయి, చెమటలు పోస్తాయి. ఆ మాటే చెప్పాను.

"అందరికీ ఉండేదేనమ్మా," అంటూ పక్క మంచం దగ్గరికి వెళ్ళిపోయింది.

మా అత్తయ్య తల దగ్గర నిలబడి అట్టముక్కతో విసురుతోంది. ఇంతలో నొప్పి వచ్చింది. దాంతోపాటు ఒళ్ళంతా చల్లబడింది. టకటకలు మందగించాయి. నూట ఇరవై. వంద. ఎనభై ఎనిమిది. వాంతి అవుతుందేమోనని ఎడమ పక్కకి ఒరిగాను. ఒరిగిన కాసేపటికే చప్పుడు మళ్ళీ పుంజుకుంది. అది నేను విన్నాను, అత్తయ్యా వింది.

సిస్టరు మాత్రం పరుగున వచ్చి నా భుజం పట్టి వెల్లకిలా తిప్పేసింది. "చూడు, గీత ఎక్కడికక్కడ తెగిపోయింది! డాక్టరుగారు నన్ను తిడతారు."

"పక్కకి తిరిగితే బాగుందండీ. మీరే చూడండి."

"దీన్ని చదవడం నీకు వచ్చా ఏంటి?"

నా చదువు తొమ్మిదో తరగతితోనే ఆగింది. అంత మాత్రాన అంకె పెరిగిందో తగ్గిందో తెలియకుండా పోతుందా?

అత్తయ్య ఊరుకోలేదు. "పుట్టింటివాళ్ళు పెట్టిన పెట్టెలాగా దాన్నే చూసుకుంటున్నావు గానీ, మా పిల్ల మొహం కూడా ఒకసారి చూడు తల్లీ. నెత్తురు చుక్క లేదు."

"మీరు బయటికెళ్ళండి పెద్దమ్మా."

"వెళ్ళను. కావాలంటే నన్నూ ఓ బెల్టుతో కట్టెయ్."

తర్వాతి నొప్పికీ అంతే, ఆ తర్వాతి దానికీ అంతే. అప్పుడు డాక్టరు వచ్చాడు. కాగితాన్ని బారుగా చాపి, కొనబోయే చీర అంచు చూసినట్టు ఆ చివరి నుంచి ఈ చివరి దాకా చూశాడు. ఆ కాగితం ఎవరి కడుపులోంచి వస్తోందో ఆ మనిషిని మాత్రం చూడలేదు.

"నొప్పి నొప్పికీ గుండె పడిపోతోంది. ఆపరేషన్‌కి సిద్ధం చేయండి."

కోతకి నేను భయపడలేదు. కొయ్యాల్సి వస్తే కొయ్యనీ. కానీ వాళ్ళు సిద్ధమయ్యే లోపల నా బిడ్డ ఏమవుతుంది?

"డాక్టరుగారూ, నేను వెల్లకిలా ఉంటేనే ఇలా అవుతోందండీ."

"మేం చూసుకుంటాం కదమ్మా," అన్నాడు కాగితంతోనే.

మళ్ళీ నొప్పి మొదలైంది. తొంభై. డెబ్బై. ఇంకెవర్నీ అడగలేదు. మంచం కమ్మీ పట్టుకుని ఒక్క ఊపున ఎడమ పక్కకి తిరిగిపోయాను. బిళ్ళ జారింది. చప్పుడు ఆగిపోయింది. మానిటరు కీచుమని అరిచింది.

"ఏం పని చేశావు! గుండె దొరకట్లేదు!" అంది సిస్టరు.

"దొరక్కపోతే వెతకండి. నేను మాత్రం తిరగను."

గట్టిగానే అన్నాను గానీ, నా పై ప్రాణాలు పైనే పోయాయి. చప్పుడు ఆగింది బిళ్ళ జారినందుకా, బిడ్డ జారిపోయినందుకా? అత్తయ్య నా చెయ్యి పట్టుకుంది. సిస్టరు బిళ్ళని చేత్తో నొక్కిపట్టి కిందా పైనా వెతికింది. ఏమీ లేదు. ఇంకొంచెం పక్కకి జరిపింది. టక్. టకటక. నూట పది. కాసేపటికి నూట నలభై.

డాక్టరు తాపీగా అన్నాడు, "వెల్లకిలా ఉంటే కడుపు బరువంతా రక్తనాళం మీద పడుతుంది సిస్టర్. ముందే పక్కకి తిప్పాల్సింది. తెలిసిన విషయమేగా."

"తిప్పితే ఇలా చేత్తో పట్టుకుని నిలబడాలి సార్. ఆరు మంచాలకి నేనొక్కదాన్నే ఉన్నాను. గీత తెగితే అడిగేది మీరే."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. తెలియక చేశారనుకుంటే సరిపెట్టుకుందును. ఇద్దరికీ తెలుసు! గీత తెగకూడదని నా బిడ్డ ఊపిరి తెగేదాకా తెచ్చారు.

ఆపరేషన్ అవసరం పడలేదు. కాన్పు అయ్యేదాకా సిస్టరు బిళ్ళ పట్టుకునే నిలబడింది. పొద్దు వాలకముందే పాప పుట్టింది, గదంతా దద్దరిల్లేలా ఏడుస్తూ.

మర్నాడు డాక్టరు వార్డుకి వచ్చి పాప బుగ్గ తాకాడు. "చూశావా, మానిటరు పెట్టబట్టే బిడ్డ దక్కింది."

"మరి నన్ను వెల్లకిలా ఎందుకుంచారండీ?"

"గీత సరిగ్గా రావాలి కదమ్మా," అని నవ్వి వాకిలి వైపు నడిచాడు.

"ఊరుకోవే. బిడ్డ దక్కింది, చాలదూ?" అంది అత్తయ్య.

చాలదు. వాకిలి అవతల ప్రసవాల గదిలో ఇంకా ఆ ఆరు మంచాలున్నాయి. పాపని అత్తయ్య ఒడిలో పెట్టి, గోడ పట్టుకుని, ఆయన వెనకాలే బయల్దేరాను.