ముసలమ్మ చిప్ప మీద గీత

మా కంపెనీ గదిలో లాడం పీతల నెత్తురు తీస్తాం. చిప్ప గుర్రపు లాడంలా ఉంటుంది, నెత్తురేమో నీలం. ఇంజెక్షన్ మందులో కంటికి కనిపించని విషం ఉంటే, ఆ నెత్తురుతో చేసిన ద్రవం గడ్డకట్టి పట్టిచ్చేస్తుంది. ఇదివరకు పొద్దున్నే పడవలో తెచ్చి, బల్లకు కట్టి నెత్తురు తీసి, సాయంత్రానికి సముద్రంలో వదిలేసేవాళ్ళం. వదిలే ముందు చిప్ప అంచున ఆకురాయితో ఒక గీత పెడతాం. గీత ఉన్నదాన్ని ఏ పడవవాడూ మళ్ళీ ఎత్తడు. ఒకసారి ఇచ్చినదాన్ని రెండోసారి అడగకూడదని మా కట్టుబాటు.

ఈ ఏడు కొత్త పద్ధతి వచ్చింది. పీతలను తొట్టిలోనే ఉంచి, మేత పెడుతూ, సన్నటి గొట్టంతో కొద్దికొద్దిగా తీయాలి. అలా అయితే రాకపోకల్లో చచ్చేవి తగ్గుతాయట. తొట్టి ఎవరు చూసుకుంటారంటే నేనే ముందుకు దూకాను. ఇంటికెళ్తే పలకరించేది ఫ్రిజ్ చప్పుడే కదా! ఆయన పోయాక రెండో కంచం దించిందే లేదు.

వాటిలో పెద్దదానికి ముసలమ్మ అని పేరు పెట్టాను. నా నీడ పడితే చాలు, తొట్టి అద్దం దగ్గరికి పాక్కుంటూ వచ్చేది. మేత కోసమే లెండి, నా అందం చూసి కాదు. అయినా నాకు ప్రాణం లేచొచ్చేది.

"పీతలతో కబుర్లేంటే? పిచ్చిగానీ పట్టిందా?" అంది అక్క ఫోన్లో.

"నీకంటే నయం. మధ్యలో ఫోన్ పెట్టెయ్యవు," అన్నాను.

అక్క ఫోన్ పెట్టేసింది.

మొదట్లో ముసలమ్మ నెత్తురు బట్టలకు పెట్టే నీలిమందులా ఉండేది. రానురాను పలచబడింది. మేత ముట్టడం మానేసింది. నీళ్ళు మార్చాను, నత్తమాంసం తుంచి నోటి దగ్గర పెట్టాను. ఊహూ.

సూపర్‌వైజర్ చూసి నిట్టూర్చాడు. "రోజూ చూసేది నువ్వే, నువ్వే చెప్పమ్మా. ఉంచుదామా, వదిలేద్దామా? ఉంచితే కోలుకోవచ్చు, పోనూవచ్చు."

ఉంచుదామని నోటిదాకా వచ్చింది. ఛీ, నా తోడు కోసం దాని ప్రాణం తీయాలా!

"వదిలేద్దాం సార్," అన్నాను.

తడి గోనె కప్పి ఒడ్డుకు తీసుకెళ్ళాను. ఆకురాయి చేతిలోకి తీసుకున్నాక బుద్ధి గడ్డి తింది. గీత పెట్టకపోతే? కోలుకున్నాక ఏ వలలోనో పడి మళ్ళీ నా దగ్గరికే రావచ్చు. ఎవరు చూడొచ్చారు? ఆకురాయిని సంచిలో పడేశాను కూడా. ముసలమ్మ కాళ్ళు నీళ్ళ కోసం గాలిలో తడుముకుంటున్నాయి.

"ఎంత పాపిష్టిదాన్నే నేను!" అని పైకే తిట్టుకున్నాను. ఆకురాయి మళ్ళీ తీసి, పడవలోంచి చూసినా కనిపించేంత పెద్ద గీత పెట్టాను.

"పోవే. మళ్ళీ నా కంటపడకు," అన్నాను. ఏడుపొచ్చింది. అది నీళ్ళలోకి జారిపోయింది.

ఇంటికొచ్చి అక్కకు ఫోన్ చేశాను.

"ముసలమ్మ వెళ్ళిపోయిందక్కా."

"ఏ ముసలమ్మే? మనకు ముసలమ్మ ఎవరున్నారు?"

"ఎవరూ లేరులే," అన్నాను.