వనజాక్షి చెక్క అరుగు

ముప్పై ఏళ్ల కాపురంలో వనజాక్షి మొగుణ్ణి అడిగి చేయించుకున్నది ఒకటే, ఇంటి ముందు మద్దిచెక్క అరుగు. కదిరి ఎండకు బండలు పెనం మాదిరి కాలుతాయి, చెక్కయితే సాయంత్రం దర్జాగా కాళ్లు చాపుకోవచ్చని ఆమె ఆశ. చాపుకుంది కూడా. కానీ నాలుగు వేసవులు తిరిగేసరికి ఎర్రటి చెక్క కాస్తా బూడిద రంగుకు దిగింది.

అది మొగుడు బయ్యన్నకు గిట్టలేదు. మండలంలో పెద్దమనుషులంతా వచ్చిపోయే ఇల్లు ఆయనది.

"ఇది అరుగా, పాత బండి తొట్టా? సోమవారం మేస్త్రి లింగప్పను రమ్మన్నా. దీన్ని పీకేసి తాడిపత్రి బండలు పరిపిస్తా" అన్నాడు.

"సోమవారం లోపల రంగు తెప్పిస్తా. రాకపోతే నీ ఇష్టం" అంది వనజాక్షి. అనడమైతే అనేసింది గానీ, ఎలా తెప్పించాలో ఆమెకు ఓనమాలు కూడా తెలియవు.

వేరుశనగ పండించే ఇంట్లో అన్నిటికీ మందు ఒకటే. తలనొప్పికైనా, మోకాళ్లకైనా, కిర్రుమనే తలుపుకైనా శెనగనూనే. సొంత కాయలు ఆడించిన నూనె డబ్బా దించి, దుమ్మయినా కడగకుండా అరుగంతా పట్టించింది. సాయంత్రానికి అరుగు నిగనిగలాడింది. వనజాక్షి ముఖం అంతకన్నా వెలిగింది.

తెల్లారి చూస్తే ఏముంది! నూనె ఆరలేదు. రాత్రి గాలికి వచ్చిన ఎర్రదుమ్మంతా దానికి అతుక్కుని నల్లటి జిడ్డయి కూర్చుంది. పైగా చీమలు బారులు తీరి తిరునాళ్ల చేస్తున్నాయి.

"ఏమే, అరుగుకు తిరగమాత పెట్టినావా?" అని బయ్యన్న పొట్ట పట్టుకుని నవ్వాడు.

వనజాక్షికి ఏడుపొచ్చింది. కుంకుడు రసం పోసి, కొబ్బరిపీచుతో చేతులు పడిపోయేదాకా రుద్దితే జిడ్డు వదిలింది. బూడిద రంగు మాత్రం అలాగే ఉంది. ఇక ఆశ వదులుకుంది.

శుక్రవారం పక్కింటి బయమ్మ చింతపండు కొట్టడానికి వచ్చింది. ఏటా ఇద్దరూ కలిసి అరుగు మీదే కూర్చుని గింజలు తీసుకుంటారు.

"గోనె పరుస్తామా వదినా?"

"ఏం వద్దులే. సోమవారం పీకేసేదే గదా."

పనయ్యాక చెక్కకు అంటిన జిగటంతా నీళ్లు పోసి చీపురుతో తోసింది వనజాక్షి. తోసిన చేయి తోసినట్టే ఆగిపోయింది. పండు పడిన చోటల్లా చెక్క ఎర్రగా తేలింది!

"బయమ్మా, ఈడ చూడే! రంగు వచ్చినాది!"

నలభై ఏళ్లుగా చింతపండుతో ఇత్తడి బిందెలు తోముతున్నదాన్ని, నాకు ఈ సంగతి తట్టలేదేమని తన మీద తనకే కోపం వచ్చింది. శనివారం పాత చింతపండంతా నానేసి, ఇద్దరూ కొంగులు దోపి అరుగంతా తోమారు. ఈసారి నూనె విషయంలో తొందరపడలేదు. వడ్రంగి సామాన్ల అంగట్లో అడిగి, ఆరిపోయే అవిసె నూనె తెప్పించింది. ఆదివారం పొద్దున్నే పలచగా రాసి, గుడ్డతో తుడిచి ఎండకు వదిలేసింది.

బయ్యన్న రెండు రోజులుగా కణేకల్లో పెళ్లికి పోయి ఉన్నాడు. ఆదివారం పొద్దుపోయి వచ్చి, పెరటి దారిన లోపలికి పోయి పడుకున్నాడు. ఆమె ఏమీ చెప్పలేదు. తీరా చూశాక కూడా బండలే కావాలంటే? ఆ భయంతో ఆమెకు నిద్ర పట్టలేదు.

సోమవారం ట్రాక్టర్ నిండా బండలతో లింగప్ప దిగాడు. బయ్యన్న అప్పటికే అరుగు మధ్యలో కాఫీ గ్లాసుతో కూర్చుని ఉన్నాడు. లింగప్ప గడ్డపార తీసుకుని అరుగు మీద కాలు పెట్టబోయాడు.

"ఏమప్పా, చెప్పులు ఆడ ఇడిసి ఎక్కు!" అని అరిచాడు బయ్యన్న.

"పీకేదానికి చెప్పులెందుకు ఇడిసేదన్నా?"

"ఎవురు పీకేది? ఆ బండలు ఎనుముల కొట్టంలో పరుచు, పో."

తలుపు చాటున వనజాక్షి వింటోంది. బయ్యన్న లోపలి వైపు తిరిగాడు.

"ఏమే, నీ కాపీ కూడా తెచ్చుకో. ఈడ వచ్చి కూచో."

ఆ పిలుపుకే ఆమె కడుపు నిండిపోయింది. కళ్లు తుడుచుకుని, ఆ పూట తన గ్లాసులో చక్కెర ఒక చెంచా ఎక్కువే వేసుకుంది.