బియ్యంలో రాసిన పేరు

నేను ఒక ఉంగరాన్ని. రాళ్లు పొదగని, నగిషీ లేని మామూలు బంగారు ఉంగరాన్ని. పుట్టింది బందరులో. చిలకలపూడి వైపు వెళితే ఇంటింటా రాగి మీద బంగారు పూత వేసి నగలు చేస్తుంటారు. అలాంటి ఊళ్లో అసలు బంగారంగా పుట్టానని నాకు కాస్త గర్వం ఉండేది. అది ఎంతోకాలం నిలవలేదనుకోండి.

నన్ను చేయించినది కోదండం. ఆయనదీ రోల్డుగోల్డు పనే. ఊరందరికీ పూత నగలు అమ్మే మనిషి, తన పెళ్లికి మాత్రం అసలు బంగారమే కావాలని పట్టుబట్టాడు. ఆయన భార్య హైమవతి ప్రభుత్వ బడిలో టీచరు. పెళ్లయిన కొత్తలోనే గడ్డ లేచి ఆమెకు గర్భసంచి తీసేశారు. ఆశ వదులుకున్న వేళ విజయవాడ డాక్టరు ఒక దారి చూపించింది. అండం హైమవతిదే, బీజం కోదండానిదే, మోయడానికి మరో మనిషి కావాలి, అంతే.

మోస్తానన్నది తోడికోడలు సుభాషిణి, కోదండం తమ్ముడు భాస్కరం భార్య. అప్పటికే ఇద్దరు మగపిల్లల తల్లి. ఆమెను ఎవరూ అడగలేదు. తనే వచ్చి, "అక్కా, నా కడుపు ఖాళీగానే ఉందిగా! మీ బిడ్డకి అద్దె లేకుండా ఇస్తాలే" అంది. అందరూ నవ్వారు. హైమవతి మాత్రం ఆమె చేతులు పట్టుకుని భోరున ఏడ్చింది.

ఈ సంగతుల మీద అప్పటికి దేశంలో చట్టమంటూ లేదు. ఉన్నదల్లా ఊరి నోరు. దానికి జడిసి, కాన్పు చేసిన బందరు ఆసుపత్రిలో ఎవరికీ అసలు విషయం చెప్పలేదు. నర్సు వచ్చి తండ్రి పేరేమిటని అడిగితే, మంచం పక్కన నిలబడ్డ భాస్కరం అలవాటుగా తన పేరు చెప్పేశాడు. తల్లి పేరు ఎవరూ అడగనే లేదు, మంచం మీద కనిపిస్తూనే ఉందిగా! ఇంటికొచ్చాక హైమవతి నసిగింది.

"అందరం ఒక ఇంట్లోవాళ్లమే కదొదినా. కాగితంలో ఎవరి పేరుంటే ఏంటి?" అన్నాడు భాస్కరం. కోదండం కూడా తలూపాడు. ఉమ్మడి కుటుంబాల్లో నమ్మకం ఎక్కువ, ముందుచూపు తక్కువ.

బారసాల నాడు మాత్రం ఏ పొరపాటూ జరగలేదు. హైమవతి ఒళ్లో బిడ్డను పెట్టుకుని పీటల మీద కూర్చుంది. పక్కన కోదండం నన్ను వేలి నుంచి తీసి, పళ్లెంలో పోసిన బియ్యంలో 'వకుళ' అని రాశాడు. ఆ బిడ్డ ఎవరిదో నాకు తెలుసు, పళ్లేనికి తెలుసు, పిలిచిన నలుగురు అయినవాళ్లకీ తెలుసు. ఆ పూటే పంతులుగారు బియ్యం మూట కట్టుకుని వెళ్లిపోయారు.

వకుళకు నాలుగో ఏట కోదండం గుండె ఆగి పోయాడు. హైమవతి నా చుట్టూ దారం చుట్టి తన వేలికి పెట్టుకుంది. కొన్నాళ్లకు ఆమెకు నూజివీడు బదిలీ అయింది. పిల్లతో ప్రయాణం కడితే భాస్కరం గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు.

"అన్నయ్య గుర్తు అదొక్కటే. పరాయి ఊరికి పంపను. నువ్వెళ్లు వదినా, పిల్ల ఇక్కడే ఉంటది. కాగితం ప్రకారం దాని తండ్రిని నేను."

ఎవరి పేరుంటే ఏంటి అన్న కాగితమే ఇప్పుడు ఎంతో అయి కూర్చుంది! హైమవతి కోర్టుకెక్కింది. రక్తపరీక్ష ఆమె తల్లేనని తేల్చింది. ఆ సంగతి ఒప్పుకోవడానికి కోర్టుకు అభ్యంతరం లేదు గాని, ఏ చట్టం కింద ఒప్పుకోవాలో తెలియక వాయిదా మీద వాయిదా వేసింది. నడిమధ్యలో కొత్త చట్టం రానే వచ్చింది. దాని ప్రకారం తల్లిదండ్రులెవరో బిడ్డ పుట్టకముందే కోర్టులో తేల్చుకోవాలట.

"మీరు ముందే వచ్చి ఆర్డరు తీసుకోవాల్సిందమ్మా" అన్నాడు వకీలు.

"ముందంటే ఎప్పుడండీ? చట్టం పుట్టకముందా?" అంది హైమవతి.

చివరికి సుభాషిణే మొగుడి మీద తిరగబడింది. "మోసినదాన్ని నేను చెప్తున్నా, అది అక్క బిడ్డ. నువ్వు సంతకం పెట్టకపోతే నేను పుట్టింటికి పోతా" అంది. భాస్కరం దిగొచ్చాడు. ఇక కోర్టు చుట్టూ తిరగడం దండగ, దత్తత పత్రం రాయించుకుంటే చాలన్నాడు వకీలు. కన్నబిడ్డను దత్తత తీసుకోవడమేమిటని హైమవతి రెండు రోజులు అన్నం ముట్టలేదు. మూడో రోజు సరేనంది.

రిజిస్ట్రారు ఆఫీసులో వకీలు అసలు మెలిక విప్పాడు. "ఆడపిల్లను దత్తత తీసుకునేవాళ్లకి అప్పటికే కూతురు ఉండకూడదమ్మా. 'నాకు కుమార్తె లేదు' అని చెప్పాలి."

"ఉంది కదండీ. అదిగో, బయట బల్ల మీద కూర్చుని చేగోడీలు తింటోంది."

"ఉందంటే దత్తత చెల్లదు. లేదంటేనే మీకు కూతురొస్తుంది."

ముందు సుభాషిణి చెప్పింది, ఈ పిల్ల తన సొంత కూతురని. తర్వాత హైమవతి వంతు. రిజిస్ట్రారు పాపం మంచివాడే, కాస్త చెవుడు. గట్టిగా చెప్పమన్నాడు. హైమవతి వేళ్లు ఎంతగా బిగుసుకున్నాయంటే, నా చుట్టూ ఉన్న దారం ఆమె చర్మంలోకి దిగింది.

"నాకు కూతురు లేదు" అంది.

ఇద్దరు ఆడవాళ్లు చెప్పిన రెండు అబద్ధాల మీద ప్రభుత్వం ఒక ముద్ర వేసి నిజం చేసింది. అగ్నిలో కాలి వచ్చినదాన్ని, నాకే ఆ క్షణం ఒళ్లు మండింది.

వెనక్కి తిరిగితే గుమ్మంలో వకుళ నిలబడి ఉంది. ఏడేళ్ల పిల్ల. మాట వచ్చినప్పటి నుంచి హైమవతిని అమ్మ అని, సుభాషిణిని పిన్ని అని పిలిచిన పిల్ల. ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసింది. తర్వాత హైమవతి దగ్గరికొచ్చి, అయినవాళ్లింటికి వచ్చిన చుట్టంలా మర్యాదగా అడిగింది.

"ఇంక వెళ్దామా, పెద్దమ్మా?"

హైమవతి ఆ సాయంత్రమే నన్ను వేలి నుంచి తీసేసింది. ఇప్పుడు నూజివీడులో, బీరువాలో, ఆ దత్తత పత్రం మీదే నా కాపురం. కొన్నాళ్లకు వకుళ మళ్లీ అమ్మా అని పిలవడం మొదలుపెట్టింది. తలుపు సందులోంచి రోజూ వింటూనే ఉంటాను. అయితే ఆ మాట అనే ముందు పిల్ల ఒక్క క్షణం ఆగుతుంది. అది ఆగినప్పుడల్లా వంటింట్లో గరిటె చప్పుడు కూడా ఆగిపోతుంది.