బ్లోయర్ వేగం తగ్గించిందెవరు?

మా ఊరు షిబాయ్‌గన్‌లో సరస్సు మీది గాలి కూడా ఉడికిపోతున్న జూలై అది. మా అమ్మ డొరతీ పొద్దున్నే ఫోన్ చేసింది.

"పెట్టె సర్దేశాను గ్రెటా. సాయంత్రానికి ఇల్లు చల్లబడిందా సరే, లేదంటే మా చెల్లెలింటికి పోతాను. మళ్లీ ఎప్పుడొస్తానో చెప్పను."

అమ్మ ఉత్తుత్తి బెదిరింపులు బెదిరించే మనిషి కాదు. పైగా మే నెలలో ఆ కొత్త ఏసీ బిగించింది నేనే. ఊళ్లో సగం ఇళ్లకు నేనే బిగించాను. చివరికి అమ్మానాన్నల ఇంట్లోనే పరువు పోయేలా ఉంది. ఒళ్లు మండిపోతూ బయల్దేరాను.

మా నాన్న ఒర్విల్ పెరట్లో బనియన్‌తో నిలబడి సాసేజ్‌లు కాలుస్తున్నాడు.

"వచ్చావా మహాతల్లీ! నీ ఏసీకి చలిజ్వరం పట్టుకుంది. ఇంట్లోకంటే ఈ నిప్పుల దగ్గరే హాయిగా ఉంది."

"ముందు వాటిని తిప్పు నాన్నా, మాడిపోతున్నాయి. నా ఏసీ సంగతి నేను చూసుకుంటాలే."

నేలమాళిగలోకి దిగి చూస్తే, ఇంటిని వేడిచేసే ఫర్నేస్ మీది ఏసీ కాయిల్ నిండా మంచు పేరుకుపోయి ఉంది. దాని మీదుగా చాలినంత గాలి వీచకపోతే అంతే, చలి ఇంట్లోకి రాకుండా అక్కడే గడ్డకడుతుంది. ఫిల్టర్ శుభ్రంగానే ఉంది. ఒక్క క్షణం నా మీదే నాకు అనుమానం వచ్చింది. ఫర్నేస్ తలుపు తీయబోతే అంచుకు బూడిదరంగు టేపు కనిపించింది. మా ఇంట్లో చీపురుకర్ర దగ్గర్నుంచి కళ్లజోడు దాకా నాన్న దేన్నైనా ఆ టేపుతోనే బాగుచేస్తాడు.

చలికాలం వేడినీ ఎండాకాలం చల్లదనాన్నీ ఇంట్లోకి తోసేది ఆ ఫర్నేస్ బ్లోయరే. ఒక్కో వేగానికి ఒక్కో తీగ. పెద్ద ఏసీ కదా అని, అన్నిటికంటే వేగంగా తిప్పే నల్ల తీగ కలిపి వెళ్లాను. ఇప్పుడక్కడ నత్తనడక ఎర్ర తీగ ఉంది!

ఏసీ ఆపి, మంచు కరగడానికి బ్లోయర్ ఒక్కదాన్నే తిరగనిచ్చి పైకొచ్చాను.

"ఎవరు నాన్నా లోపల చెయ్యి పెట్టింది?"

"ఎలకలేమో."

"టేపు అంటించే ఎలకలా?"

అమ్మ నడుం మీద చేతులు పెట్టుకుంది. "ఏమయ్యా, నన్ను ఉడకబెట్టింది నువ్వా? కూతురి పనితనమని వీధంతా చెప్పుకు తిరిగావు కదా!"

నాన్న పటకారు కింద పెట్టాడు. "ఆ బ్లోయర్ హోరులో నువ్వు చెప్పేదొక్కటీ వినబడటం లేదు డొరతీ. వేగం తగ్గిస్తే వినబడుతుందనుకున్నా."

"అబ్బో, ఇన్నేళ్లూ తెగ విన్నావు మరి!"

"వినకపోవడం వేరు, వినబడకపోవడం వేరు," అన్నాడు నాన్న. "ఇప్పుడు వినాలనుకున్నా వినబడటం లేదు. బ్లోయర్ పూర్తిగా ఆపి చూసినా పెద్ద తేడా ఏం లేదు. నీకు చెబితే దిగులు పడతావని..."

కిందికి వెళ్లి, కరెంటు ఆపి, నల్ల తీగ మళ్లీ కలిపాను. తలుపు టేపుతో కాదు, మరలతోనే బిగించాను.

మంచంతా కరిగాక ఏసీ వేశాను. సాయంత్రానికి ఇంట్లో చల్లగాలి హోరుమంది. పెట్టె హాల్లోనే ఉంది. అమ్మ దాన్ని దాటుకుని తన కుర్చీని ఈడ్చుకెళ్లి నాన్న పక్కన వేసింది.

"ఏ చెవి కాస్త నయం?"

నాన్న ఎడమ చెవి చూపించాడు. అమ్మ అటు జరిగి కూర్చుంది.

"సోమవారం డాక్టర్ దగ్గరికి వెళ్తున్నాం. ఈలోగా మే నెల నుంచి తిట్టినవన్నీ మళ్లీ చెప్తా, విను."

"అన్నీనా?" అన్నాడు నాన్న, ముఖమంతా నవ్వై.

"అన్నీ," అని అమ్మ ఆ చెవి దగ్గరికి వంగింది.