ఇరవై ఒక్క గింజలు

మా నాన్న బతికుండగా మా ఇంట్లో రెండు మాటలు ఎత్తడానికి వీల్లేదు. ఒకటి ఆయన పుట్టిన ఊరు, రెండోది మేనరికం. ఊరి పేరెత్తితే ఆయన లేచి వెళ్లిపోయేవాడు. మేనరికం మాటెత్తితే ఎత్తినవాళ్లను లేపి పంపేవాడు. పక్కింటివాళ్లు తమ పిల్లను మేనమామకిచ్చి చేస్తూ శుభలేఖ తెస్తే చేత్తో కూడా ముట్టుకోలేదు. వాళ్ల ముందు నాకు తల కొట్టేసినట్టయింది.

ఆయన పేరు వెంకటసుబ్బారావు. ఇరిగేషన్ ఆఫీసులో మ్యాపులు గీసే ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. కృష్ణా డెల్టాలో ఏ కాలవ ఎక్కడ చీలుతుందో చూడకుండా గీసేవాడు. చల్లపల్లి అవతల ఒక కాలవ గట్టున ఉన్న సొంత ఊళ్లో మాత్రం నలభై ఏడేళ్లు అడుగుపెట్టలేదు. చెల్లెలితో ఏదో పొలం తగాదా అని అమ్మ చెప్పేది. అమ్మ పోయాక ఆయన పటమటలో మా దగ్గరే ఉన్నాడు. నేను ఒక్కతే కూతుర్ని. నాకూ సింధూరి ఒక్కతే.

నాన్నకు ఒక ఆట ఉండేది. సాయంత్రం దీపాలు పెట్టకముందు కిటికీలు మూసి, గచ్చు మీద ఇరవై ఒక్క చింతగింజలు జల్లేవాడు. "ఏరమ్మా తులసీ" అనేవాడు. నేను గబగబా ఏరి గుప్పిట విప్పితే లెక్కపెట్టేవాడు. ఒక్కటి తగ్గినా మళ్లీ వెతకమనేవాడు. అన్నీ ఉంటే పిప్పరమెంటు బిళ్ల చేతిలో పెట్టి, పొడుగాటి నోటుబుక్కులో ఏదో రాసుకునేవాడు. నాకు పెళ్లయ్యేదాకా నెలకోసారి ఈ ఆట తప్పలేదు. ఇరవై ఏళ్లు దాటినదాన్ని గచ్చు మీద పాకుతుంటే అమ్మ నవ్వేది. పెళ్లిచూపులవాళ్లు చూస్తే ఏమనుకుంటారని నేను విసుక్కునేదాన్ని.

తర్వాత అదే ఆట సింధూరితో మొదలుపెట్టాడు. దానితో మాత్రం ఆయనకు పక్షపాతం. ఎన్ని ఏరినా "ఇరవై ఒకటి" అని గట్టిగా చెప్పి బిళ్ల ఇచ్చేసేవాడు. నన్ను మాత్రం గచ్చంతా పాకించావని నేను దెప్పితే నవ్వేవాడు కాదు. రోజూ కేరట్లు తెచ్చి స్వయంగా రసం తీసి దానిచేత తాగించేవాడు. మునగాకు లేకుండా మా ఇంట్లో పప్పు ఉడికేది కాదు. ముసలాయన చాదస్తం అనుకుని ఊరుకున్నాను. సింధూరి కూడా తాతయ్య కూచే. ఇరవై ఒకటో ఏడు వచ్చినా సినిమాహాల్లో నా కొంగు పట్టుకునే నడిచేది. అత్తారింట్లో ఎవరి కొంగు పట్టుకుంటావే అని నేను నలుగురిలో ఏడిపించేదాన్ని.

రెండువేల రెండు జూన్‌లో నాన్న పోయాడు. పదకొండో రోజున ఒక ముసలావిడ బస్సు దిగి, ఇల్లు వెతుక్కుంటూ వచ్చి, ఫొటో ముందు కూలబడి ఏడ్చింది. నాన్న చెల్లెలు సీతారావమ్మ. నలభై నాలుగేళ్ల వయసులో నా మేనత్తను నేను మొదటిసారి చూశాను. ఆవిడ ముక్కు, చెంపలు, మాటకు ముందు గొంతు సవరించుకోవడం అన్నీ నాన్నవే. అప్పటిదాకా నాకు రాని ఏడుపు ఆవిడను చూశాక వచ్చింది.

తర్వాత ఆవిడ నాలుగైదుసార్లు వచ్చింది. సంక్రాంతి వెళ్లాక ఒకసారి మెల్లిగా అడిగింది. "మా నాని ఉన్నాడుగా, మా హనుమయ్య కొడుకు. పాతికేళ్లు. పాతిక ఎకరాలకి వాడొక్కడే. మా వైపు లెక్కలో వరస కుదరకపోయినా, వాళ్లమ్మ వైపు నుంచి చూస్తే మన సింధూరికి బావే అవుతాడు. అన్నయ్యకీ నాకూ మధ్య పోయిన బంధుత్వం పిల్లలతోనైనా కలుపుకుందామే అమ్మడూ."

నాన్న వద్దనేవాడని నాకు తెలుసు. కానీ ఆయన కోపం పొలం గురించే అనుకున్నాను. చచ్చిపోయినవాడి పంతం కోసం బతికున్నవాళ్లు ఎందుకు దూరంగా ఉండాలి అనుకున్నాను. పైగా నాకు అన్నదమ్ములు లేరు, పుట్టిల్లు లేదు. నాని ఒకసారి మధ్యాహ్నం పూట వచ్చి భోంచేసి, సింధూరితో కాసేపు మాట్లాడి, నాలుగింటికే బండెక్కి వెళ్లాడు. మర్యాద తెలిసిన కుర్రాడు. సింధూరి కూడా తల ఊపింది. సంవత్సరీకం కాగానే తాంబూలాలు పుచ్చుకుందామని మాట ఇచ్చేశాను. మా ఆయన ఒకటికి రెండుసార్లు ఆలోచించమన్నారు. నా పుట్టింటి సంగతిలో మీరు వేలు పెట్టకండి అన్నాను.

సంవత్సరీకానికి వచ్చినవాళ్లకు మా వంశవృక్షం అచ్చువేసి పంచాలని నాకు బుద్ధి పుట్టింది. నాన్న ఇనప్పెట్టె తీస్తే అడుగున చుట్టచుట్టిన మ్యాపు కాగితం దొరికింది. నా పని ఆయన అప్పటికే చేసి పెట్టాడు. కాలవల మ్యాపు గీసినట్టే గీశాడు. పైన ముత్తాత పేరు, అక్కణ్నుంచి పెద్ద కాలవ, దాన్నుంచి పిల్లకాలవలు. విడిపోయిన కాలవలు రెండు తరాలు తిరక్కుండానే మళ్లీ వచ్చి ఒకదానిలో ఒకటి కలిశాయి. అవన్నీ మేనరికాలు. ప్రతి పేరు పక్కనా చిన్న సున్న. కొన్ని సున్నలు ఖాళీగా ఉన్నాయి, కొన్నింటిని నల్ల సిరాతో నింపాడు. నింపినవాళ్లు పోయినవాళ్లు అనుకున్నాను. సింధూరి పేరు అన్నిటికన్నా కింద ఉంది. దాని పక్కన సున్నే లేదు. మ్యాపుతో పాటు ఆ పొడుగాటి నోటుబుక్కూ ఉంది. తెరిస్తే వరసగా తేదీలూ అంకెలూ కనిపించాయి. ఆట లెక్కలు కదా అని పక్కన పెట్టేశాను.

కొన్ని పేర్లకు తేదీలు లేవు. అత్తయ్యను అడిగి రాసుకుందామని మే నెలలో ఒకరోజు ఒక్కదాన్నే బస్సెక్కాను. ముందుగా చెప్పలేదు. సొంత మేనత్త ఇంటికి చెప్పి వెళ్లేదేమిటి అనుకున్నాను. కంకిపాడు దాటేసరికే ఎండ పేలిపోతోంది. చల్లపల్లిలో దిగి ఆటో మాట్లాడుకున్నాను. ఎవరింటికని డ్రైవరు అడిగితే చెప్పాను. అతను అద్దంలో నన్ను ఒకసారి చూసి, "చుట్టాలాండీ" అన్నాడు. అవునన్నాక దారంతా మాట్లాడలేదు.

పెద్ద పెంకుటిల్లు. వాకిలి చల్లగా ఉంది. అయినా నాకు మొదట కనిపించినవి తాళ్లు. వసారా స్తంభం నుంచి బావిదాకా ఒకటి, బావి నుంచి స్నానాలగదికి ఒకటి, అటునుంచి గొడ్లసావిడికి ఒకటి, నడుమెత్తున బిగించి కట్టి ఉన్నాయి. ఏళ్ల తరబడి చేతులు రాసుకుని నున్నగా, నల్లగా అయ్యాయి. బట్టలారేసుకోవడానికి ఇంత కిందికి కట్టారేమిటత్తయ్యా అన్నాను. "వానాకాలం బురదకి పట్టుగా ఉంటాయని" అంది ఆవిడ. అప్పటికే నా చేతిసంచి లాక్కుని లోపలికి నడుస్తోంది.

వసారాలో పడక్కుర్చీలో హనుమయ్య బావ ఉన్నాడు. "రామతులసి వచ్చిందా, రామ్మా" అన్నాడు. యాభై కూడా లేవు. మొహం నావైపే తిప్పాడు గానీ చూపు నా భుజం మీదుగా గోడ మీద ఆగింది. దణ్ణం పెడితే ప్రతిదణ్ణం పెట్టలేదు. నానీ తల్లి ఏదని అడిగాను. పుట్టింటికి వెళ్లిందన్నాడు. ఎప్పుడొస్తుందంటే, "వెళ్లి పద్దెనిమిదేళ్లయింది" అన్నాడు.

భోజనాలయ్యాక మ్యాపు పరిచాను. అత్తయ్యకు చదువు రాదు. నేను పేరు చదివితే ఆవిడ పుట్టింది ఎప్పుడో పోయింది ఎప్పుడో చెబుతోంది. మూడోతరంలో ఆగిపోయాను.

"నాన్న ఇక్కడ పొరపాటు చేసినట్టున్నాడు అత్తయ్యా. పోయినవాళ్లకి సున్నలు నింపాడు కదా, హనుమయ్య బావకీ నింపేశాడు. ఎప్పుడో పోయిన మీ నాన్నకేమో నింపలేదు."

తమలపాకుకు సున్నం రాస్తున్న అత్తయ్య వేలు అలాగే ఆగిపోయింది. కుర్చీలోంచి బావ, "మా చిన్నాన్నలకి నింపాడా" అని అడిగాడు. నింపాడన్నాను. "పొరపాటేం లేదు" అన్నాడు.

దాని భావమేమిటో అడిగితే ఎవరూ చెప్పలేదు. ఐదు దాటగానే నాని బండి తీసి, "దింపేస్తానండీ అత్తయ్యా, బయల్దేరండి" అన్నాడు. ఐదు నిమిషాలకోసారి అదే మాట. ఎండ తగ్గాక వెళతానని నేను కావాలనే కూర్చున్నాను. ఏదో దాస్తున్నారని తెలిసిపోయింది. చూడకుండా కదలకూడదని మొండికేశాను. పొద్దు గట్టు అవతలికి దిగింది. కొబ్బరిచెట్ల కింద మసక పడింది. నాకు ముగ్గుగీతలు కూడా కనబడుతున్నాయి. నాని బండి స్టాండు వేసి తాళంచెవి జేబులో పెట్టుకున్నాడు. చెయ్యి చాపి గాలిలో తడిమి, తాడు దొరికాక, దాన్ని పట్టుకుని బావివైపు నడిచాడు.

లేచి వెళ్లి అతని ముందు నిలబడ్డాను. రెండడుగుల దూరంలో ఉన్నాను. అతనికి తెలియలేదు. వచ్చి నాకు తగిలి ఆగిపోయాడు.

"పొద్దుగూకితే కనపడదండీ" అన్నాడు. "పెళ్లికి ముందు మీకు చెబుదామనే అన్నాను. నాయనమ్మే వద్దంది."

అత్తయ్య నా వెనకాలే వచ్చింది. "ఇరవైల్లో చీకట్లోనే కనపడదు. నలభై దాటితే పగలూ పోద్ది. మా మావయ్యకి, మా ఆయనకి, మరుదులిద్దరికి, ఇప్పుడు వీడి నాన్నకి. డాక్టర్లు మందు లేదన్నారు. చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ తెలుసు, మా ఇంటికి ఎవరూ పిల్లనివ్వరు. నీకొక్కదానికే తెలీదు. అందుకే వచ్చానే అమ్మడూ."

నాకు కోపం ఆగలేదు. ఎంత మాట వస్తే అంతా అనేశాను. కళ్లున్న పిల్లను తెచ్చి ఈ తాళ్లకు కట్టేద్దామనుకున్నావా అన్నాను. మా నాన్న ఇందుకే నీ గడప తొక్కలేదన్నాను. నీ వంశం నీతోనే ఆగిపోనీ అని కూడా అన్నాను. నాని తాడు పట్టుకుని తల వంచుకుని అన్నీ విన్నాడు.

అత్తయ్య మాత్రం ఏడవలేదు. "అన్నయ్య పారిపోతే సరిపోద్దనుకున్నాడు. మేనరికాల వల్లే వచ్చిందని పరాయిపిల్లని చేసుకున్నాడు. ఏడాదికో కార్డు రాసేవాడు. కొత్తగా ఎవరికి మొదలైందని, అంతే. బాగున్నావా అని ఒక్కసారీ రాయలేదు. మూడేళ్ల కిందట మాత్రం ఇంకోటి అడిగాడు. ఆడపిల్లలకి ఎవరికైనా వచ్చిందా అని."

"ఏం రాయించావు?"

"మా మేనత్తకి ఉండేదంట, రాయించాను. దానికి జవాబు రాలేదు."

ఊళ్లోకి నడిచి ఆటో పట్టుకున్నాను. బస్సులో కూర్చున్నాను. లోపల గొప్ప నిమ్మళం. నా పిల్లను గోతి అంచు నుంచి లాగేశాననుకున్నాను. బతికున్నన్నాళ్లూ విసుక్కున్నందుకు నాన్నకు మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను. ఉయ్యూరు దాటాక ఆ చివరిమాట మళ్లీ గుర్తొచ్చింది. ఆడపిల్లలకి ఎవరికైనా వచ్చిందా. అది ఆయనకెందుకు?

మర్నాడు మా ఆయన ఆఫీసుకు వెళ్లాక నోటుబుక్కు తీశాను. మొదటి సగమంతా నేను. 'తు' అని రాసి పక్కన అంకె. 21, 21, 20, 21. నా పెళ్లి నెల దగ్గర ఆఖరి 21, దాని కింద ఎర్ర సిరాతో రెండు గీతలు. ఆయన ఎంత సంతోషంగా గీశాడో ఆ గీతల్లో తెలుస్తోంది. తర్వాత చాలా ఏళ్లు ఖాళీ. తర్వాత 'సిం'.

తొంభైలో 21. తొంభై ఐదులో 21, 20. తొంభై ఏడులో 17. ఆ పక్కన చిన్న అక్షరాలతో 'కేరట్' అని ఉంది. తొంభై తొమ్మిదిలో 14. రెండువేల ఒకటిలో 11. పోయే ముందు నెలలో 9. ప్రతి నెలా పైకి ఇరవై ఒకటి అని, కింద ఇది రాసుకున్నాడు. మ్యాపులో దాని పేరు పక్కన సున్న ఎందుకు లేదో అప్పుడు తెలిసింది. గీస్తే నింపాల్సి వస్తుందని గీయలేదు. ఆ రోజంతా నేను అన్నం ముట్టలేదు. నిన్న అత్తయ్యను అన్న మాటలు ఒక్కొక్కటీ నా చెవుల్లోనే వినిపించాయి.

సింధూరి కంప్యూటరు క్లాసు నుంచి ఐదింటికల్లా వచ్చేసింది. ఎప్పుడూ ఐదింటికల్లా వచ్చేస్తుంది, బుద్ధిమంతురాలని నేను అందరికీ చెప్పుకుంటాను. ఆరున్నరకు కిటికీలు మూసి, పోపులపెట్టె పక్కన డబ్బాలోంచి ఇరవై ఒక్క గింజలు లెక్కపెట్టి హాల్లో జల్లాను.

"తాతయ్య ఆటా" అని నవ్వి కూర్చుంది.

నాకు అన్ని గింజలూ కనబడుతున్నాయి. అది వెతకడం లేదు. కళ్లు ఎదురుగా గోడ మీద పెట్టి, రెండు అరచేతులతో గచ్చును తుడుస్తోంది. తగిలినవి తీసుకుంటోంది. మోకాలి పక్కనే మూడు ఉన్నాయి, చెయ్యి వాటి పక్కనుంచి వెళ్లిపోయింది. ఇన్నేళ్లూ ఆయన ఇది కూర్చుని చూశాడు. నేను వంటింట్లోంచి వెక్కిరిస్తూ ఉన్నాను.

కాసేపటికి ఆగి గుప్పిట నా వైపు చాపింది. "అయ్యాయమ్మా. ఎన్నొచ్చాయి?"

విప్పి చూశాను. "ఇరవై ఒకటి" అన్నాను.

సింధూరి గుప్పిట మళ్లీ మూసుకుంది. "తాతయ్య కూడా ఎప్పుడూ ఇరవై ఒకటే అనేవాడు" అంది. "నా చేతిలో ఎన్నున్నాయో నాకు తెలుస్తుందమ్మా. ఏడు. లైటు వెయ్యి, మిగతావి ఏరి ఇస్తాను."